వార్డే తరగతి గది

ఫ్లారెన్స్ నైటింగేల్ అనగానే చేతిలో దీపమే గుర్తొస్తుంది. ఆ దీపం పక్కన పెట్టాక ఆమె చేసిన పని ఇంకా పెద్దది.

1820లో సంపన్న ఇంగ్లీషు కుటుంబంలో పుట్టిందామె. నర్సునవుతానంటే ఇంట్లోవాళ్లు ససేమిరా అన్నారు. ఆ రోజుల్లో అది పరువైన పని కాదు మరి! అయినా పట్టు వదల్లేదు. 1851లో జర్మనీ వెళ్లి శిక్షణ పొందింది. 1854లో 38 మంది నర్సులతో టర్కీ చేరి, క్రిమియా యుద్ధంలో గాయపడ్డవారికి సేవ చేసింది. మంచి మనసుంటే చాలదు, చేతికి పని రావాలన్నది ఆమె నమ్మకం.

ప్రజల చందాలతో 1860లో లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రిలో నర్సింగ్ స్కూలు పెట్టించింది. ఏడాది శిక్షణ. కట్లు కట్టడం, లేవలేని రోగికి పక్క మార్చడం, వీపున పుండ్లు పడకుండా చూడడం, జావ కాయడం, నాడి, నిద్ర గమనించడం... అన్నీ రోగి మంచం దగ్గరే నేర్చుకోవాలి. ఎవరికి ఏ పని ఎంత వచ్చిందో మేట్రన్ నెలనెలా పట్టికలో రాసేది.

అంతా సాఫీగా సాగిందనుకోకండి. పదేళ్లు తిరిగేసరికి అమ్మాయిలకు చాకిరీ ఎక్కువై, నేర్పేవాళ్లు కరువయ్యారు. ఆ లోపాన్ని ఆమె కప్పిపుచ్చలేదు. 1872 నుంచి తానే పట్టించుకుంది. పాఠాలు సక్రమంగా చెప్పించింది, వాళ్ల బాగోగులకు హోమ్ సిస్టర్‌ను పెట్టించింది.

1910లో కన్నుమూసింది. ఇవాళ మన నర్సింగ్ విద్యార్థినులు వార్డులో చేసిన ప్రతి పనీ రికార్డులో రాసి సంతకం పెట్టించుకుంటారు. ఆ పద్ధతి చూస్తే ఆమె పట్టికే గుర్తొస్తుంది.