యల్లాప్రగడ సుబ్బారావు

నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరమున 1895 జనవరి 12వ తేదీన యల్లాప్రగడ సుబ్బారావు జన్మించెను. ఆయనది పేద కుటుంబము. బాల్యమున చదువుపై మనసు నిలువక, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచెను. తల్లి ఆయనను వెనుకకు రప్పించి బడిలో నిలిపెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు మారులు తప్పి, మూడవ మారు మద్రాసులో కృతార్థుడయ్యెను.

మద్రాసు వైద్య కళాశాలలో చదువుచుండగా గాంధీ మహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించెను. అందుచే ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందెను. స్ప్రూ అను జీర్ణవ్యాధి ఆయన సోదరులిద్దరిని బలిగొనెను. ఆ దుఃఖము ఆయన మనస్సును పరిశోధనవైపు మరల్చెను.

1923లో అమెరికాలోని బోస్టను నగరము చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువుచు, పొట్టపోసికొనుటకై ఆసుపత్రిలో చిన్న కొలువు చేసెను. సైరస్ ఫిస్కేతో కూడి 1925లో రక్తమూత్రములందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. పరీక్షింపవలసిన ద్రవమునకు మాలిబ్డేటును, మరికొన్ని రసాయనములను చేర్చినచో నీలిరంగు పుట్టును. భాస్వరమెంత అధికమో రంగంత గాఢముగా నుండును. భాస్వర పరిమాణము ముందే తెలిసిన ద్రవపు రంగుతో దానిని పోల్చి లెక్కగట్టుదురు. కొద్దిపాటి నమూనాతోనే ఫలితము శీఘ్రముగా తేలును. పానీయములలో కలిపిన కృత్రిమ వర్ణముల పరిమాణమును తెలిసికొనుటకును రంగు గాఢతను కొలుచు ఈ సూత్రమే ఉపకరించును.

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి, పలాసలు దాటి తీరము వెంట పోయినచో, కొబ్బరి, జీడిమామిడి తోటలతో పచ్చనైన ఉద్దానము కానవచ్చును. అచట ఎందరో రైతులు, కూలీలు మూత్రపిండముల వ్యాధికి లోనైరి. దాని మూలకారణము నేటికిని నిశ్చయముగా తేలలేదు. 2023లో పలాసలో ఈ వ్యాధికై పరిశోధనా కేంద్రము, ఆసుపత్రి వెలసినవి. మూత్రపిండములు చెడినపుడు భాస్వరము బయటికి పోక రక్తమున పెరుగును. ఆ పెరుగుదలను కొలుచుటకు వైద్యులకు దారి చూపినది ఫిస్కే-సుబ్బారావు పద్ధతియే.

1940లో సుబ్బారావు లెడర్లీ సంస్థలో చేరి పరిశోధకులకు నాయకత్వము వహించెను. ఆ బృందము ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసెను. అది స్ప్రూ వ్యాధికి మందయ్యెను. కాని సోదరులు అప్పటికే లేరు. బోదకాలు వ్యాధికి వాడు హెట్రజాన్ అను మందును కూడ ఆ బృందమే కనుగొనెను. 1948 ఆగస్టులో 53 ఏండ్ల వయస్సున ఆయన అమెరికాలోనే కన్నుమూసెను.

పరీక్షలో రెండు మారులు తప్పినను పట్టుదల విడువక, కీర్తిని కోరక, రోగుల మేలునకే పాటుపడిన సుబ్బారావు జీవితము విద్యార్థులకు ఆదర్శప్రాయము.