కత్తిగాటు నేర్పిన పాఠం

వైద్యవృత్తి ప్రాణదానం చేసే వృత్తి. అయితే రోగిని కాపాడే కత్తియే ఒక్కొక్కప్పుడు దానిని పట్టిన వారి ప్రాణానికి ముప్పు తెస్తుంది. మిత్రుని మరణంలో ఈ సత్యాన్ని గుర్తించి, అసంఖ్యాకులైన తల్లుల ప్రాణరక్షణకు మార్గం చూపిన మహనీయుడు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్.

సెమ్మెల్‌వైస్ 1818 జూలై 1న హంగరీలోని బుడా నగరంలో జన్మించాడు. తండ్రి కిరాణా వర్తకుడు. న్యాయశాస్త్రం చదవాలని 1837లో వియన్నా వెళ్ళిన ఆయన, మరుసటి ఏడాదే వైద్యవిద్య వైపు మళ్ళాడు. 1844లో పట్టా పొంది, 1846లో వియన్నా జనరల్ ఆసుపత్రిలోని మొదటి ప్రసూతి విభాగంలో సహాయక వైద్యునిగా చేరాడు.

ఆ ఆసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలుండేవి. మొదటి దానిలో వైద్యవిద్యార్థులు, రెండవ దానిలో మంత్రసానులు శిక్షణ పొందేవారు. మొదటి విభాగంలో నూటికి దాదాపు పదిమంది బాలింతలు సూతికాజ్వరంతో మరణిస్తుండగా, రెండవ దానిలో ఆ సంఖ్య సగటున నాలుగు లోపే ఉండేది. తమను మొదటి విభాగంలో చేర్చవద్దని గర్భిణులు కన్నీటితో వేడుకొనేవారు. గాలి చెడిందని కొందరు, రద్దీ ఎక్కువైందని కొందరు కారణాలు చెప్పేవారు. కాని రద్దీ రెండవ విభాగంలోనే అధికం. ఈ తేడాకు కారణం తెలియక సెమ్మెల్‌వైస్ తీవ్రమైన వేదనకు గురయ్యాడు.

1847 మార్చిలో ఆయన మిత్రుడు, న్యాయవైద్యశాస్త్ర ఆచార్యుడు యాకోబ్ కొల్లెచ్కా మరణించాడు. శవపరీక్ష జరుగుతున్నప్పుడు ఒక విద్యార్థి చేతిలోని కత్తి పొరపాటున ఆయన వేలికి గుచ్చుకొన్నది. ఆ చిన్న గాటే ప్రాణాంతకమైంది. ఆయన మృతదేహ పరీక్షా నివేదికను చదివిన సెమ్మెల్‌వైస్ నిశ్చేష్టుడయ్యాడు. అందులోని లక్షణాలన్నీ సూతికాజ్వర లక్షణాలే. వైద్యులు, విద్యార్థులు శవపరీక్షశాల నుండి నేరుగా పురిటి గదికి వచ్చేవారు. మంత్రసానులకు శవపరీక్షలతో పనిలేదు. కత్తిమొన మోసుకొచ్చిన విషపదార్థాన్నే వైద్యుల చేతులూ మోసుకొస్తున్నాయని ఆయన గ్రహించాడు.

1847 మే నెలలో, క్లోరిన్ కలిపిన సున్నపు ద్రావణంతో చేతులు కడుగుకొన్న తరువాతనే రోగిని తాకాలని ఆయన నియమం విధించాడు. ఏప్రిల్‌లో నూటికి పద్దెనిమిదిగా ఉన్న మరణాలు జూన్ నాటికి రెండుకు తగ్గాయి. 1848లో రెండు నెలల్లో ఒక్క మరణమైనా సంభవించలేదు.

అయినా, తమ చేతులే మృత్యుకారణమన్న మాటను పెద్దలనేకులు అంగీకరించలేదు. సూక్ష్మజీవుల సంగతి అప్పటికింకా స్థిరపడలేదు. 1849లో ఆయన ఉద్యోగం కొనసాగలేదు. స్వదేశానికి మరలి పెస్ట్ నగరంలో అదే పద్ధతిని అమలు చేసి సత్ఫలితాలు సాధించాడు. తన సిద్ధాంతాన్ని గ్రంథరూపంలో 1861 వరకు ప్రకటించకపోవడం, ప్రతిపక్షులను లేఖల్లో తీవ్రంగా నిందించడం ఆయనకు శత్రువులను పెంచాయి. చివరకు మనస్సు చెదిరి వియన్నాలోని మానసిక చికిత్సాలయంలో చేరవలసివచ్చింది. గాయం చీముపట్టి రక్తం విషపూరితం కావడంతో 1865 ఆగస్టు 13న, నలభై ఏడవ ఏట కన్నుమూశాడు. మిత్రుని బలిగొన్న వ్యాధివంటిదే ఆయననూ కబళించడం విధివైపరీత్యం.

మరి రెండేళ్ళకు జోసెఫ్ లిస్టర్ క్రిమిరహిత శస్త్రచికిత్సా విధానాన్ని ప్రకటించాడు. కాలక్రమంలో సెమ్మెల్‌వైస్ సిద్ధాంతం సత్యమని లోకం అంగీకరించింది. బుడాపెస్ట్‌లోని వైద్యవిశ్వవిద్యాలయం 1969 నుండి ఆయన పేరును ధరించింది.

నేడు శస్త్రచికిత్సాగారంలో కత్తిని చేతి నుండి చేతికి అందించక పళ్ళెంలో ఉంచి అందించడం, వాడిన సూదికి తిరిగి మూత పెట్టక గుచ్చుకొనని గట్టి డబ్బాలో వేయడం మంచి పద్ధతులుగా గుర్తింపు పొందాయి. సూదిపోటు తగిలితే వెంటనే సబ్బునీటితో కడిగి, దాచకుండా పై అధికారులకు తెలపాలి. అప్పుడే సకాలంలో చికిత్స అందుతుంది. రోగికి సేవచేసే నర్సు, వైద్యుడు సురక్షితంగా ఉన్నప్పుడే రోగి సురక్షితంగా ఉంటాడు. చిన్న గాటును తేలికగా తీసుకోరాదన్నది కొల్లెచ్కా మరణం, సెమ్మెల్‌వైస్ జీవితం మనకు అందించే సందేశం.