చక్రముల తగవు దీర్చిన జేమ్సు స్టార్లీ

వానకాలమున మోతె చుట్టుపట్టుల వరిమళ్లలో దమ్ము చేయు ట్రాక్టరును చూడని బాలుడు మన పాఠశాలలో నుండడు. ఒక్కొక్కప్పుడు దాని వెనుక చక్రములలో నొకటి బురదలో దిగబడి గిరగిర తిరుగుచుండును. గట్టినేలమీది రెండవ చక్రము మాత్రము కదలక నిలిచియుండును. అంతట తోలువాడు మడమ క్రింది మీటను త్రొక్కును. రెండు చక్రములును ఒక్కటియై తిరిగి బండి గట్టెక్కును. దీనిని చూచి సంతోషించువారు పెక్కుమంది కలరు. ఏల యట్లు జరిగెనని యడుగువారు అరుదు.

గత వానకాలమున మేము సూర్యాపేట మార్గమునందలి యొక మరమ్మతు షెడ్డులో వేచియుండవలసి వచ్చెను. లోపల నొక యువకుడు హైదరాబాదునుండి వచ్చిన వేగపుకారొకదాని వెనుక ఇరుసుపెట్టెను విప్పుచుండెను. అతడు మాయొద్ద చదివినవాడే. నిష్పత్తుల లెక్కలు రావని మేము చివరి బల్లమీద కూర్చుండబెట్టినవాడు. ఇప్పుడతడు పండ్లచక్రముల పండ్లను వ్రేలితో లెక్కించి, క్షణములో వాని నిష్పత్తిని చెప్పుచుండెను. మమ్ము చూచి, నూనె యంటిన చేతులను వెనుకకు దాచుకొని తల వంచుకొనెను. తల వంచుకొనవలసినవారము మేమే యని మాకు తోచెను. ఆ చేతులలోని యంత్రమునకు మూలపురుషులలో నొకడైన జేమ్సు స్టార్లీ జీవితమును అందుచేతనే యిచట వ్రాయుచున్నాము.

స్టార్లీ 1830వ సంవత్సరము ఏప్రిల్ 21వ తేదీన ఇంగ్లాండులోని ససెక్సు సీమలో ఆల్బర్ను అను పల్లెయందు ఒక రైతు కుటుంబమున జన్మించెను. తొమ్మిదవయేటనే తండ్రితో పొలము పనులకు పోవుచుండెను. అయినను వాని మనస్సు నాగలిమీద కంటె వస్తువుల కూర్పుమీద నుండెను. విఱిగిన గొడుగు కమ్మియు, చెట్టుకొమ్మయు కూర్చి యెలుకల బోను చేసెనని చెప్పుదురు. యౌవనారంభమున నిల్లు విడిచి లండను వైపునకు పాఱిపోయెను. ఈ కార్యమును మేము విద్యార్థులకు మేలుబంతిగా చూపుట లేదు. తండ్రి యా బాలుని చేతుల నేర్పును గుర్తించియుండినచో పాఱిపోవలసిన యవసరము కలుగకుండెడిదేమో యని మాత్రము తలంచుచున్నాము.

లూయిషామను చోట నతడు తోటపనివారిలో చేరెను. పగలు మొక్కలకు నీరు పోయుచు, తీరిక వేళల గడియారములను బాగుచేయుచుండెను. ఆ తోట యజమానుడు జాన్ పెన్ అను ప్రసిద్ధుడు. ఓడలకు ఆవిరి యంత్రములు నిర్మించువాడు. ఆ కాలమున కుట్టుమిషను మిక్కిలి వెలగల వస్తువు. పెన్ గారి యింటి మిషను చెడిపోగా తోటమాలియైన స్టార్లీ దానిని విప్పి బాగుచేసెను. ఏ భాగము ఏల చెడెనో కనిపెట్టి, దానిని మఱింత మెఱుగుగా చేయు తెఱగును కూడ నూహించెను. యజమానుడు గొప్ప యంత్రశిల్పి యయ్యును పనివాని తెలివికి అసూయపడక, మిషనులు చేయు కర్మాగారమువారికి వానిని పరిచయము చేసెను. ఇట్లు 1859 ప్రాంతమున స్టార్లీ పాఱను విడిచి పనిముట్లను చేపట్టెను.

1861లో జోసయా టర్నరను మిత్రునితో కలిసి కవెంట్రీ నగరమునకు పోయి కుట్టుమిషనుల సంస్థను స్థాపించెను. ఆ నగరము పట్టునాడెల నేతకును గడియారములకును పేరొందినది. 1860లో ఫ్రాన్సుతో జరిగిన వర్తకపు ఒడంబడికవలన పరదేశపు పట్టు సుంకము లేక దిగుమతి కాగా, అచటి నేతగాండ్ర మగ్గములు మూలబడెను. మన పద్మశాలీల కష్టముల నెఱిగినవారికి ఆ నగరపు దుఃఖము వేఱుగ వర్ణింపనక్కఱలేదు. పనిలేని చేతులు పెక్కు గల యట్టి చోట క్రొత్త పని పుట్టించుట సామాన్య విషయము కాదు.

1868లో టర్నరు బంధువొకడు ఫ్రాన్సునుండి యొక త్రొక్కుడుబండిని తెచ్చెను. అది మిక్కిలి బరువు. రాతిబాటపై నెక్కినవాని యెముకలు కదలునట్లుండెడిది. స్టార్లీ దాని దోషముల నొక్కొక్కటిగా వెదకసాగెను. 1870లో విలియం హిల్మనుతో కలిసి, సన్నని తీగల ఆకులు గల తేలిక చక్రములతో ఏరియలను బండికి పేటెంటు పొందెను. 1874లో చక్రపు ఆకులను కుండ నడుమకు తిన్నగా గాక, దాని యంచునకు ఏటవాలుగా తగిలించు పద్ధతిని కనిపెట్టెను. నేడు మీరు బడికి త్రొక్కివచ్చు సైకిలు చక్రమును పరికింపుడు. ఆకులు ఒకదానినొకటి దాటుచు పోవుట కానవచ్చును. అది స్టార్లీ చేతి గురుతే.

ఎత్తైన చక్రపు బండి నెక్కుట స్త్రీలకును వృద్ధులకును ప్రమాదము. కావున నతడు మూడుచక్రముల బండ్లవైపు దృష్టి మరలించెను. 1877లో ఇద్దఱు ప్రక్కప్రక్కన కూర్చుండి త్రొక్కదగిన బండినొకదానిని చేసి, కుమారుడైన విలియముతో కలిసి యెక్కెను. ఒక్కొక్కరు తనవైపు చక్రమును మాత్రమే త్రొక్కు నేర్పాటది. కుమారుడు పడుచువాడు, బలశాలి; తండ్రి నలుబదియేడేండ్లవాడు. కుమారుని చక్రము ముందునకు ఉఱుకగా బండి ప్రక్కకు తిరిగి, తండ్రిని దురదగొండి పొదలలో పడవేసెనని చెప్పుదురు. మఱియొకడైనచో కుమారుని గద్దించి యూరకుండును. స్టార్లీ తప్పు కుమారునిది కాదు, బండిది యని గ్రహించెను.

ఆ తప్పేమియో విచారింతము. ఎడ్లబండి చక్రములు ఇరుసుమీద వేఱువేఱుగా తిరుగును గనుక దానికి తగవు లేదు. ఇరుసే చక్రములను త్రిప్పు బండికి తగవు పుట్టును. రెండు చక్రముల నడిమి దూరము 1.2 మీటరులైన, బండి యొక పూర్తి చుట్టు తిరిగినపుడు వెలుపలి చక్రము లోపలిదానికంటె సుమారు 7.5 మీటరు లెక్కువ నడువవలెను. చుట్టు చిన్నదైనను పెద్దదైనను ఈ భేదము మాఱదు. పై తరగతివారు లెక్కవేసి చూడుడు. రెండును ఒకే యిరుసునకు బిగిసియున్నచో నొకటి నేలమీద ఈడ్వబడక తప్పదు.

స్టార్లీ యిరుసును నడుమ ఖండించి, రెండు ముక్కల కొసలను ఎదురెదురుగా పండ్లచక్రములను అమర్చెను. వాని నడుమ చిన్న పండ్లచక్రములను ఒక చట్రములో నిలిపి, గొలుసుతో ఆ చట్రమును త్రిప్పెను. దారి తిన్నగా నున్నపుడు చిన్న చక్రములు తమలో తాము తిరుగవు. అంతయు కలిసియే తిరుగును. ఒక ప్రక్క చక్రము నెమ్మదించినచో అవి దొరలి, ఆ ప్రక్క తగ్గిన వేగమును రెండవ ప్రక్కకు కలుపును. దీనినే డిఫరెన్షియల్ అందురు. ఇట్టిదానిని దాదాపు అర్ధశతాబ్దము ముందే ఫ్రాన్సులో ఒనెసిఫోర్ పెకర్ అను గడియారపు పనివాడు ఆవిరిబండి కొఱకు కల్పించియుండెను. కాని జనులు నిత్యము వాడు బండిలో దానిని ప్రవేశపెట్టినవాడు స్టార్లీ. కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మోటారుబండిలోను డిఫరెన్షియల్ ఉండెను.

1881లో విక్టోరియా రాణి స్టార్లీ చేసిన సాల్వో బండ్లను రెండింటిని తెప్పించుకొనెను. తోటమాలిగా బ్రదుకారంభించినవాడు రాణిగారి యోస్బర్ను భవనమునకు పోయి బండి నడుపు విధమును చూపెను. ఆ సంవత్సరమే జూన్ 17వ తేదీన, ఏబదియొకటవ యేట, దేహము చాలించెను. కవెంట్రీ ప్రజలు 1884లో వానికి స్మారకము నిలిపిరి. వాని సోదరుని కుమారుడు జాన్ కెంప్ స్టార్లీ 1885లో రోవరను సైకిలును వెలువరించెను. నేటి సైకిళ్ల రూపము దానినుండి వచ్చినదే.

స్టార్లీ పని లోపము లేనిది కాదు. డిఫరెన్షియల్ కావడివంటిది. కావడికి ఒక కొసన బరువు లేనిచో రెండవ కొస బరువును నిలుపజాలదు. అట్లే, ఒక చక్రము బురదలో పట్టు కోల్పోయినచో రెండవదానికిని బలము చేరదు. ట్రాక్టరు మీట రెండు ముక్కలను బంధించి యీ దోషమును తప్పించును. కాని బంధించియే మలుపు తిరుగరాదు. వేగపుకార్లకు నడిమిమార్గము కావలసివచ్చెను. 1935లో ఫెర్డినాండు పోర్షే సంస్థ కోరగా, జర్మనీలోని జడ్.ఎఫ్. కర్మాగారమువారు జాఱుటను పరిమితము చేయు డిఫరెన్షియల్‌ను నిర్మించిరి. అది ఆటో యూనియన్ పందెపు కార్లలో వాడుకకు వచ్చెను. 1956లో అమెరికాలో ప్యాకార్డు కారులోను అట్టిది ప్రవేశించెను.

మా పాత విద్యార్థి ఆ దినమున విప్పినది ఈ జాతిదే. అందు పలుచని యుక్కు బిళ్లలు వరుసగా నుండును. ఒకటి పెట్టెకు, ఒకటి యిరుసు ముక్కకు తగిలియుండును. ఒక చక్రము విఱ్ఱవీగి పరుగిడజూచినపుడు ఈ బిళ్లలు ఒకదానినొకటి ఒరసికొని దానిని అడ్డగించి, నెమ్మదిగా నున్న చక్రమునకు బలము నందించును. ఒరసికొనునది యేదైనను అఱుగును. కావున అతడు బిళ్ల మందమును కొలిచి, అఱిగినవానిని తీసివేయుచుండెను. దీనికి సామాన్యమైన గేరాయిలు చాలదనియు, బిళ్లలు అదరకుండునట్లు చేయు మందు కలిసిన నూనెనే వాడి సకాలమున మార్చవలెననియు చెప్పెను. వెనుక టైర్లు రెండును ఒకే కొలతవి కానిచో తిన్నని దారిలోను బిళ్లలు ఒరసికొనుచునే యుండునట. ఒక చక్రమును మాత్రమే జాకీతో లేపి, గేరులో నింజను నడుపరాదు. నేలమీది చక్రమునకు బలము చేరి కారు జాకీమీదినుండి దుమికి ప్రాణము తీయవచ్చును. యజమానుడు ఎక్కువ బిళ్లలును బిగువైన స్ప్రింగులును వేయుమని కోరగా, అతడు మితముగానే వేసెను. బిగువు మితిమీఱిన మలుపున బండి ముక్కు తిరుగక తిన్నగా పోజూచునని వాని హెచ్చరిక. నలుబదియేండ్లు దాటిన మేము ఆ దినమున వానియొద్ద ముక్కాలిపీట మీద కూర్చుండి పాఠము నేర్చుకొంటిమి.

తలిదండ్రులారా, మీ బిడ్డడు గడియారమును విప్పిన కొట్టకుడు. మరల కూర్పుమని యడుగుడు. చదువవలదని మా యభిప్రాయము కాదు. ఆ యువకునికి నిష్పత్తులు రాకపోలేదు; మేము చెప్పిన తీరున వానికి తెలియలేదు. స్టార్లీ పొదలో పడి తప్పును బండియందు వెదకెను. మేము లెక్క తప్పినపుడు తప్పును బాలునియందే వెదకితిమి.

ఆ తప్పును దిద్దుకొనదలచి, అతనిని ఒకనాడు పాఠశాలకు పిలిచితిమి. మొదట రానని, పిదప శుభ్రమైన చొక్కా తొడుగుకొని వచ్చెను. గోనెసంచిలోనుండి యొక పాత క్రౌనును పినియనును తీసి బల్లపై నుంచెను. పిల్లలు గుమిగూడి పెద్దదానికి 41, చిన్నదానికి 10 పండ్లని లెక్కించిరి. చిన్నది ఎన్నిసార్లు తిరిగిన పెద్దది యొకసారి తిరుగునని అతడడిగెను. అందఱికంటె ముందు నాలుగు దశాంశము ఒకటియని చెప్పినవాడు, ఈ యేడు మేము చివరి బల్లమీద కూర్చుండబెట్టిన బాలుడు.