తెర మీదికి రాముణ్ణి తెచ్చిన మనిషి

దాదాసాహెబ్ ఫాల్కే అసలు పేరు ధుండిరాజ్ గోవింద్ ఫాల్కే. 1870 ఏప్రిల్ 30న నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో పుట్టారు. బొంబాయి జె.జె. స్కూల్లో బొమ్మలు నేర్చుకున్నారు. ఫోటోలు తీశారు, రవివర్మ బొమ్మలు అచ్చువేసే ప్రెస్సులోనూ పనిచేశారు.

1911 ప్రాంతంలో బొంబాయిలో ఒక విదేశీ మూకీ చూశారు. అది ఏసుక్రీస్తు జీవితం. తెర మీద క్రీస్తు కదులుతుంటే ఆయన మనసులో మన కృష్ణుడు, రాముడు కదలడం మొదలుపెట్టారట. మన దేవుళ్లని మనం ఇలా ఎప్పుడు చూస్తాం అన్న ఆలోచన ఆయన్ని నిద్రపోనివ్వలేదు. అదేపనిగా సినిమాలు చూసి కొన్నాళ్లు చూపు కూడా పోగొట్టుకున్నారు. నయమయ్యాక ఇన్సూరెన్సు పాలసీ తాకట్టు పెట్టి, 1912లో లండన్ వెళ్లి పని నేర్చుకుని, కెమెరా కొనుక్కొచ్చారు.

ఇక్కడ నాకు బాగా నచ్చే మనిషి ఆయన భార్య సరస్వతీబాయి. నగలు ఇచ్చింది, ఫిల్ముకి రంధ్రాలు వేసింది, యూనిట్టు మొత్తానికీ వండిపెట్టింది. ఆ రోజుల్లో నటించడానికి ఆడవాళ్లెవరూ ముందుకు రాలేదు. అందుకే 'రాజా హరిశ్చంద్ర'లో తారామతి వేషం సాళుంకే అనే మగ వంటవాడు వేశాడు. 1913 మే 3న ఆ సినిమా బొంబాయిలో విడుదలైంది. 1917లో 'లంకా దహన్'లో రాముడూ సీతా ఇద్దరూ ఆ సాళుంకేనే! తెర మీద రాముడు కనిపించగానే జనం చెప్పులు విప్పి దండం పెట్టారని చెప్పుకుంటారు. 1919లో 'కాళీయ మర్దన్'లో కృష్ణుడు ఫాల్కే గారి కూతురు మందాకిని.

మాటలొచ్చాక మూకీల కాలం అయిపోయింది. 1944 ఫిబ్రవరి 16న నాసిక్‌లో ఆయన కన్నుమూశారు.

మా ఇంట్లో తెలుగూ మరాఠీ రెండూ నడుస్తాయి. ఫోన్లో మాత్రం కొరియా సీరియళ్లు. చూడగా చూడగా వాళ్ల ముఖాలే అందం, వాళ్ల ఇళ్లే ఇళ్లు అనిపిస్తాయి. ఫాల్కే గారికి మాత్రం పరాయి బొమ్మ చూస్తుంటే సొంత కథ గుర్తొచ్చింది. మన సోలాపూర్‌లో మగ్గం నేసిన తాతలు, బీడీలు చుట్టి పిల్లల్ని చదివించిన అమ్మమ్మలు ఎంతమంది లేరు? వాళ్ల కథ ఏ తెర మీదా నేనింకా చూడలేదు. మనలో ఎవరు తీస్తారో చెప్పండి!