మాస్తి వేంకటేశ అయ్యంగార్

ప్రహ్లాదుని కథ మనందరికీ తెలిసినదే. హిరణ్యకశిపుడు భుజబలంతో లోకాలను జయించాడు. అయినా అతనికి తృప్తి కలగలేదు. ప్రజలు తననే దైవంగా నమ్మాలని, హరి పేరు ఎవరి నోటా వినిపించరాదని శాసించాడు. కన్నకొడుకును చండామార్కుల వద్దకు పంపి, తనకు అనుకూలమైన చదువే చెప్పమన్నాడు. రాజ్యాన్ని గెలవడానికి కత్తి చాలు. దానిని నిలుపుకోవడానికి మాత్రం మాట కావాలని ఆ రాక్షసరాజుకు తెలుసు. ప్రజల మనసులను తమ వైపు తిప్పుకోవడానికి పాలకులు చేసే ఈ ప్రయత్నాన్నే మనం ప్రచారం అంటాము.

ప్రచారం రాజ్యాలను ఎలా నిలబెడుతుందో, ఎలా కూలుస్తుందో మన కర్ణాటక చరిత్ర నుండే కథావస్తువు తీసుకొని చూపిన గొప్ప రచయిత మాస్తి వేంకటేశ అయ్యంగార్. కన్నడిగులు ఆయనను తమ భాషకు దొరికిన ఆస్తిగా చెప్పుకుంటారు.

మాస్తి 1891వ సంవత్సరం జూన్ 6వ తేదీన కోలారు జిల్లా మాలూరు తాలూకాలోని హొంగేనహళ్ళిలో జన్మించారు. ఆ తాలూకాలోనే ఉన్న మాస్తి గ్రామం పేరు ఆయనకు ఇంటిపేరై నిలిచింది. కన్నడం, తెలుగు, తమిళం పక్కపక్కనే వినిపించే నేల అది. ఆయన ఇంట్లో మాట్లాడే భాష తమిళం. అయినా బడిలో నేర్చిన కన్నడాన్ని తన హృదయభాషగా చేసుకున్నారు. బాల్యం పేదరికంలో గడిచింది. బంధువుల అండతో, విద్యార్థి వేతనాలతో ఊరూరా తిరిగి చదువుకున్నారు. బెంగళూరు సెంట్రల్ కళాశాలలో పట్టభద్రులై, 1914లో మద్రాసు విశ్వవిద్యాలయం నుండి ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ. పట్టా పొందారు.

ఆ తరువాత ఆయన మైసూరు సివిల్ సర్వీసులో చేరారు. సంస్థానంలోని అనేక ప్రాంతాలలో ఉన్నతాధికారిగా పనిచేశారు. అధికారి బల్ల వద్దకు రోజూ ఎన్నో అర్జీలు వస్తాయి. ఒకే తగవును వాది ఒక విధంగా చెబుతాడు, ప్రతివాది మరొక విధంగా చెబుతాడు. ఇద్దరి మాటలూ విని, నిజం ఎక్కడ ఉందో వెతకడం అధికారి పని. ఈ అలవాటు మాస్తి రచనలలో కూడా కనిపిస్తుంది. మైసూరు మహారాజు ఆయనను రాజసేవాసక్త అనే బిరుదుతో సత్కరించారు. అయినా తన పై స్థానానికి తనకంటే చిన్నవారిని ఎంపిక చేసినప్పుడు ఆయన రాజీపడలేదు. గడువుకు ముందే ఉద్యోగం వదులుకొని, బెంగళూరులోని గవిపురంలో స్థిరపడి, పూర్తికాలం సాహిత్యానికి అంకితమయ్యారు.

శ్రీనివాస అనే కలం పేరుతో ఆయన రాసిన తొలి కథల సంపుటి 1920లో వెలువడింది. కన్నడంలో చిన్నకథకు బాట వేసిన వారిలో ఆయనే ప్రథములు. నూటికి పైగా కథలు, కావ్యాలు, నాటకాలు, విమర్శ గ్రంథాలు రాశారు. అయితే ఆయన రాసిన రెండు చారిత్రక నవలలు మనకు ఇక్కడ ముఖ్యం.

మొదటిది చెన్నబసవ నాయక. నేటి శివమొగ్గ జిల్లాలోని బిదనూరు రాజ్యం పతనమైన కాలం ఆ నవలకు వస్తువు. చరిత్రలో జరిగిన సంగతి ఇది. బిదనూరును రాణి వీరమ్మాజి పాలిస్తున్నది. దత్తపుత్రుడైన చెన్నబసవ నాయకుడు చిన్న వయసులోనే చనిపోయాడు. రాణే అతనిని చంపించిందని వదంతి పుట్టింది. కొంతకాలానికి ఒక యువకుడు హైదరాలీ వద్దకు వచ్చి, తానే ఆ చెన్నబసవ నాయకుడినని, చావు తప్పించుకొని బయటపడ్డానని చెప్పాడు. అతని మాట నిజమో కాదో తేల్చుకోవలసిన అవసరం హైదరుకు కలగలేదు. న్యాయమైన వారసునికి గద్దె ఇప్పించడానికి వస్తున్నానన్న మాట ఉంటే దండయాత్ర కూడా ధర్మకార్యంగా కనిపిస్తుంది. 1763లో బిదనూరు హైదరు వశమైంది. గద్దె మాత్రం ఆ యువకునికి దక్కలేదు. రాణితో పాటు అతనిని కూడా మధుగిరి కోటలో బంధించారు. బిదనూరు పేరు హైదర్ నగరంగా మారింది. ఒక వదంతి, ఒక పేరు, ఒక రాజ్యాన్ని చేతులు మార్చాయి.

రెండవ నవల చిక్కవీర రాజేంద్ర. ఇది 1956లో వెలువడింది. 1820 నుండి 1834 వరకు కొడగును ఏలిన చివరి రాజు కథ ఇది. ఈ నవల విలువ తెలియాలంటే కొడగు రాజుల గురించి అంతకుముందు ఎవరెవరు ఏమి చెప్పారో తెలుసుకోవాలి.

కొడగును హాలేరి వంశపు రాజులు రెండు వందల ఏళ్ళు పాలించారు. వారిలో దొడ్డవీర రాజేంద్రుడు పేరు పొందినవాడు. టిప్పు సుల్తాను చెర నుండి తప్పించుకొని, రాజ్యాన్ని తిరిగి సంపాదించాడు. ఆయన తన వంశ చరిత్రను, తన విజయాలను రాజేంద్రనామె అనే గ్రంథంగా రాయించాడు. 1808లో దానికి ఆంగ్లానువాదం కూడా వెలువడింది. రాజు రాయించిన చరిత్రలో రాజు ఘనతే ప్రధానంగా ఉండడం సహజం. పాలకుడు తన గురించి తాను చెప్పుకున్న కథ అది.

తరువాత చిక్కవీర రాజేంద్రుని కాలం వచ్చింది. అతడు క్రూరుడు, వ్యసనపరుడు. ప్రజలు భయంతో బతికారు. అతని చెల్లెలు దేవమ్మాజి, ఆమె భర్త చెన్నబసవయ్య ప్రాణభయంతో కొడగు విడిచి పారిపోయి, మైసూరు సీమలోని కంపెనీ అధికారుల శరణు కోరారు. వారి మొర నిజమే. కాని కాఫీకి, ఏలకులకు పనికివచ్చే కొండనేలపై కంపెనీకి ఆ మొర మంచి అదను అయింది. 1834లో నాలుగు దిక్కుల నుండి కంపెనీ సైన్యాలు కొడగులో ప్రవేశించాయి. సైన్యాల కంటే ముందుగా ప్రకటన పత్రాలు నడిచాయి. రాజు దుర్మార్గుడని, ప్రజల మేలు కోసమే తాము వస్తున్నామని అందులో చాటారు. ఏప్రిల్ నెలలో రాజు లొంగిపోయాడు. మే 7వ తేదీన మరొక ప్రకటన వెలువడింది. కొడగు ప్రజలందరూ ఏకగ్రీవంగా కోరినందువల్లనే కంపెనీ ఆ దేశాన్ని తన పాలనలోకి తీసుకుంటున్నదని దాని సారాంశం. ప్రజల మతాచారాలను గౌరవిస్తామని కూడా అందులో మాట ఇచ్చారు. మడికేరిలో సైన్యం విడిసి ఉండగా ప్రజలు తమ కోరికను ఎంత స్వేచ్ఛగా చెప్పగలిగారో మనం ఊహించుకోవచ్చు. గెలిచినవాడు తన గెలుపునకు చెప్పుకున్న కారణం అది.

పదవీచ్యుతుడైన రాజును వేలూరుకు, అక్కడి నుండి కాశీకి పంపారు. 1852లో అతడు కూతురు గౌరమ్మతో ఇంగ్లండు వెళ్ళాడు. గౌరమ్మ క్రైస్తవ దీక్ష తీసుకున్నప్పుడు విక్టోరియా రాణి స్వయంగా ఆమెకు ధర్మమాతగా నిలిచారు. రాజు తనకు రావలసిన సొమ్ము కోసం లండన్ న్యాయస్థానంలో కంపెనీపై దావా వేశాడు. 1859లో అక్కడే మరణించాడు. అతని రాజ్యం పోయిన తరువాత కూడా అతని గురించిన రాతలు ఆగలేదు. 1855లో బెంగళూరులో అచ్చయిన ఒక ఆంగ్ల గ్రంథం కొడగు రాజుల క్రూరత్వాన్ని విస్తారంగా వర్ణించింది. దానిని రాసిన హెర్మన్ మోగ్లింగ్ కన్నడానికి ఎంతో సేవ చేసిన జర్మన్ పండితుడు, మిషనరీ. అయినా అటువంటి రాతలు చదివిన వారికి కంపెనీ పాలన ఒక వరంగానే కనిపించేది.

ఒక వైపు రాజు రాయించిన పొగడ్త, మరొక వైపు గెలిచినవారి నింద. నూట ఇరవై ఏళ్ళ తరువాత మాస్తి ఈ కథను మళ్ళీ చేతికి తీసుకున్నారు. ఆయన రాజును మంచివాడిగా మార్చలేదు. అతని కోపం, తాగుడు, అనుమానం అన్నీ ఉన్నవి ఉన్నట్టు చూపారు. రాజుకు చెవిగా, చేతిగా మెలిగిన కుంటి బసవని పాత్రలో భయం మీద నడిచే పాలన ఎలా ఉంటుందో చూపారు. నిజం చెప్పేవారిని దూరం చేసి, తనకు నచ్చింది చెప్పేవారిని దగ్గరకు తీసిన రాజు చివరకు తన దేశంలో ఏం జరుగుతున్నదో తానే తెలుసుకోలేకపోయాడు. ప్రజల నోళ్ళు మూసిన పాలకుడు తన చెవులను కూడా మూసుకున్నట్టే.

అదే సమయంలో మాస్తి కంపెనీవారిని రక్షకులుగా కూడా చూపలేదు. ఇంటిలోని కలహం బయటివారికి ఎలా తలుపు తీస్తుందో ఆయన వివరించారు. దేశాన్ని ప్రేమించిన మంత్రి బోపణ్ణ రాజు అన్యాయాలను సహించలేక కంపెనీ వైపు మొగ్గుతాడు. అతడు ద్రోహి కాడు. కాని అతని ధర్మాగ్రహం కూడా ఇతరుల లాభానికి పనిముట్టు అయింది. రాణి గౌరమ్మ సహనం, మంత్రుల ఆవేదన, రాజు చివరి నిస్సహాయత చదివినప్పుడు మనకు ఎవరి ప్రకటన పత్రమూ పూర్తి నిజం కాదని తెలుస్తుంది. పత్రం ఒక వైపే చెబుతుంది. మంచి నవల అన్ని వైపులా చూపుతుంది.

ప్రపంచ సాహిత్యంలో కూడా ఇటువంటి రచనలు ఉన్నాయి. మన దేశంలోనే బీహారులోని మోతిహారిలో జన్మించిన ఆంగ్ల రచయిత జార్జ్ ఆర్వెల్ 1945లో ఆనిమల్ ఫారం అనే నవల ప్రచురించాడు. అందులో యజమానిని తరిమివేసిన జంతువులు గోడ మీద నియమాలు రాసుకుంటాయి. నాయకులైన పందులు రాత్రివేళ ఆ నియమాలను తమకు అనుకూలంగా మార్చివేస్తూ ఉంటాయి. తెల్లవారి చూసిన జంతువులు తాము చదివినదే మరచిపోయామేమో అనుకుంటాయి. ఆర్వెల్ జంతువుల కథ కల్పించి చెప్పిన సంగతినే మాస్తి మన పొరుగునున్న కొండసీమ చరిత్ర ఆధారంగా చెప్పారు.

మాస్తి రెండు దశాబ్దాల పాటు జీవన అనే మాసపత్రికకు సంపాదకత్వం వహించారు. ఎందరో యువ రచయితలను ప్రోత్సహించారు. 1929లో బెళగావిలో జరిగిన కన్నడ సాహిత్య సమ్మేళనానికి అధ్యక్షత వహించారు. 1968లో ఆయన కథలకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. 1983వ సంవత్సరానికి గాను చిక్కవీర రాజేంద్ర నవలకు జ్ఞానపీఠ పురస్కారం వచ్చింది. కన్నడానికి దక్కిన నాలుగవ జ్ఞానపీఠం అది. అప్పటికి ఆయన తొంభై ఏళ్ళు దాటిన వృద్ధులు. ఎంత కీర్తి వచ్చినా ఆయన నిరాడంబరంగానే జీవించారు. కోటు, తలపాగా ధరించి, చేతిలో గొడుగుతో బసవనగుడి వీధులలో నడిచి వెళ్ళే ఆ పెద్దమనిషిని బెంగళూరు పౌరులు ఆప్యాయంగా పలకరించేవారు. 1986 జూన్ 6న, తాను పుట్టిన రోజునే, ఆయన బెంగళూరులో కన్నుమూశారు.

రాజులు పోయారు. కంపెనీ పోయింది. కాని ప్రచారం పోలేదు. నేడు అది గోడల మీద, పత్రికలలో, చేతిలోని ఫోనులో కూడా మన వద్దకు వస్తున్నది. ఏ మాట విన్నా అది ఎవరు చెబుతున్నారు, అందువల్ల ఎవరికి లాభం, రెండవవారు ఏమంటున్నారు అని ఒక్క క్షణం ఆలోచించడం పౌరుని కర్తవ్యం. చెడ్డ రాజును చెడ్డవాడని ఒప్పుకుంటూనే, అతని పేరు చెప్పి దేశాన్ని కాజేసినవారిని కూడా గుర్తించడం మాస్తి మనకు నేర్పిన పాఠం.

ప్రశ్నలు

1. హైదరాలీ బిదనూరును వశపరచుకోవడానికి చెన్నబసవ నాయకుని పేరు ఎలా ఉపయోగపడింది?
2. 1834 మే 7వ తేదీన వెలువడిన ప్రకటనలో కంపెనీ ఏ కారణం చెప్పింది? దానిని నమ్మవచ్చునా? మీ అభిప్రాయం రాయండి.
3. రాజేంద్రనామెకు, చిక్కవీర రాజేంద్ర నవలకు గల తేడా ఏమిటి?
4. మీరు విన్న ఒక వదంతి నిజమో కాదో ఎలా తెలుసుకుంటారు? పది వాక్యాలలో రాయండి.