బేగంపేటలో ఒక దోమ

ఎర్రగడ్డలో మా బిల్డింగ్ రెండో అంతస్తులో ఇద్దరు పిల్లలున్నారు. స్కూలుకి వెళ్లరు. వాళ్ల అమ్మే ఇంట్లో చదువు చెప్తుంది. ఆవిణ్ణి నేను అక్కా అని పిలుస్తాను. మొన్న వానలప్పుడు మేడ మీద పాత బకెట్లో నీళ్లు నిలిచి దోమ పిల్లలు పట్టాయి. మా అమ్మ పారబోయబోతే ఆ ఇద్దరూ పరిగెత్తుకొచ్చి కొన్నిటిని గాజు సీసాలోకి తీసుకున్నారు. మిగతా నీళ్లు పారబోసి, సీసా మూతికి చున్నీ గుడ్డ బిగించి కట్టారు. రోజూ పొద్దున చూసి నోట్‌బుక్‌లో బొమ్మ వేసుకునేవాళ్లు.

నాలుగో రోజు చిన్నది నా దగ్గరికొచ్చింది. ఏ దోమ వల్ల ఏ జ్వరం వస్తుందో మొదట ఎవరికి తెలిసింది, ఎలా తెలిసింది అని అడిగింది. బీటెక్ చదివే అన్నయ్యకి తెలిసే ఉంటుందని దాని నమ్మకం.

నాకు పేరు తెలుసు. రొనాల్డ్ రాస్, సికింద్రాబాద్, 1897, నోబెల్. జీకే పుస్తకంలో ఒక బిట్. 'ఎలా' అన్నదానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు. అందుకని ఆయన జీవితం గురించి చదవడం మొదలుపెట్టాను. ల్యాబ్‌లో రిజల్ట్ ముందు రాసేసి, దానికి సరిపడా రీడింగులు తర్వాత నింపుకునే మనలాంటివాళ్లు ఒకసారి వినాల్సిన కథ ఇది.

రాస్ 1857 మే 13న అల్మోరాలో పుట్టాడు. మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు మొదలై అప్పటికి మూడు రోజులే. తండ్రి బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో ఆఫీసర్. పదిమంది సంతానంలో ఈయనే పెద్దవాడు. ఎనిమిదేళ్లప్పుడు చదువు కోసం ఇంగ్లండ్ పంపించారు. పిల్లాడికి బొమ్మలు వేయడం, పాటలు కట్టడం, కవిత్వం రాయడం ఇష్టం. నాన్నకేమో కొడుకు డాక్టరై ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరాలని. చివరికి ఎవరి మాట నెగ్గిందో మనకి వేరే చెప్పక్కర్లేదు, మనలో సగంమంది ఇంజనీరింగ్‌లో చేరిన కథ కూడా అదే కదా.

లండన్‌లో సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో మెడిసిన్ చదివాడు, కానీ మనసు పెట్టి చదవలేదు. 1879లో ఒక పరీక్ష పాసయ్యాడు, ఇంకొకటి తప్పాడు. ఓడల్లో డాక్టరుగా కొంతకాలం తిరిగి, తప్పిన పరీక్ష మళ్లీ రాసి, 1881లో ఇండియాకి వచ్చాడు. మద్రాసు వైపు పోస్టింగులు. ఖాళీ సమయం బాగా దొరికేది. ఆ టైంలో తనంతట తానే పుస్తకాలు ముందేసుకుని లెక్కలు నేర్చుకున్నాడు. పరీక్ష కోసం కాదు, ఎవరూ అడగలేదు కూడా. ఇంట్లో చదువుకునే మా పిల్లల పద్ధతే ఇది. ఆ లెక్కలు ముప్ఫై ఏళ్ల తర్వాత పనికొచ్చాయి, ఆ సంగతి తర్వాత చెప్తాను.

1883లో బెంగళూరులో ఉన్నప్పుడు బంగళాలో దోమలతో నిద్ర ఉండేది కాదు. కిటికీ బయటున్న తొట్టిలో చూస్తే దోమ పిల్లలు కదులుతున్నాయి. తొట్టి బోర్లించాడు. గదిలో దోమలు తగ్గాయి. మిగతా చోట్లా ఇలాగే చేద్దామంటే పై ఆఫీసర్ ఒప్పుకోలేదు. అప్పటికి దోమకీ మలేరియాకీ సంబంధం ఉందని రాస్‌కీ తెలియదు. చెడు గాలి వల్లే ఆ జ్వరం వస్తుందని లోకం నమ్మేది. మలేరియా అనే మాటకి అర్థమే చెడు గాలి.

1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచ్ డాక్టర్ మలేరియా రోగి రక్తంలో ఒక పరాన్నజీవిని చూశాడు. రాస్ చాలాకాలం అది నమ్మలేదు. ఇండియాలో తను చూసిన రక్తంలో అది కనిపించలేదు మరి. 1894లో సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు ప్యాట్రిక్ మాన్సన్ అనే డాక్టర్ దాన్ని మైక్రోస్కోప్‌లో చూపించాడు. బోదకాలు పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని అంతకుముందే చైనాలో కనిపెట్టింది ఈ మాన్సనే. మలేరియా కూడా దోమ ద్వారానే బయటికి వస్తుందేమోనని ఆయన ఊహ. ఊహ ఆయనది, తేల్చే పని రాస్ నెత్తిన వేసుకున్నాడు.

1895లో రాస్ సికింద్రాబాద్ వచ్చాడు. బేగంపేటలో ఒక మిలిటరీ ఆసుపత్రి. దోమల గురించి ఆయన ఎక్కడా చదువుకోలేదు. వాటి శాస్త్రీయ నామాలు తెలియవు. చేతికి తగిన పుస్తకం కూడా లేదు. అందుకే తనే పేర్లు పెట్టుకున్నాడు: బూడిద రంగువి, చారలవి, మచ్చల రెక్కలవి. మా చిన్నది సీసాలోవాటికి పేర్లు పెట్టినట్టే.

పని ఎలా చేశాడంటే, బయట ఎగిరే దోమని పట్టుకోలేదు. అది అంతకుముందు ఎవర్ని కుట్టిందో తెలియదు కదా. నీళ్లలోంచి పిల్లల్ని తెప్పించి సీసాల్లో పెంచేవాడు. అప్పుడే రెక్కలొచ్చిన దోమ అంటే ఎవర్నీ కుట్టని దోమ. మన భాషలో చెప్పాలంటే ఇనిషియల్ స్టేట్ ఏంటో పక్కాగా తెలుసన్నమాట. దోమతెరలో రోగిని పడుకోబెట్టి, ఈ దోమల్ని వదిలేవాడు. రక్తం తాగినవాటిని విడివిడిగా ఉంచి, రోజుకి కొన్ని చొప్పున కోసి, లోపల ప్రతి భాగాన్నీ వెతికేవాడు.

ఒక్క దోమని పూర్తిగా వెతకడానికే గంటలు పట్టేది. ఎండాకాలం ఉక్కపోత. పంకా లాగించుకుంటే కోసిపెట్టిన ముక్కలు ఎగిరిపోతాయి, అందుకని గాలి లేకుండానే కూర్చునేవాడు. నుదుటి చెమట కారి మైక్రోస్కోప్ స్క్రూలు తుప్పు పట్టాయి.

ఫలితం మాత్రం సున్నా. మధ్యలో కలరా పని మీద బెంగళూరు పంపించారు. 1897 వేసవిలో ఊటీ దగ్గర ఆయనకే మలేరియా వచ్చింది. జూన్‌లో సికింద్రాబాద్ తిరిగొచ్చి మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ సున్నా.

ఎందుకలా? ఇన్నాళ్లూ ఆయన కోసింది ఎక్కువగా బూడిద రంగువి, చారలవి. ఇప్పటి పేర్లలో క్యూలెక్స్, ఈడిస్. మనుషుల మలేరియా ఆ రెండు జాతుల్లోనూ పెరగదు. అంటే రెండేళ్లపాటు ఆయన రాసుకున్న ప్రతి 'లేదు' కరెక్టే! విసుగొచ్చి ఒక్క చోట 'ఏదో కనిపించినట్టుంది' అని రాసుకుని ఉంటే ఆ తప్పు దోమల వెంటే ఇంకెన్నాళ్లు తిరిగేవాడో. లేదు అని నిజాయితీగా రాసుకున్నాడు కాబట్టే మార్చాల్సింది దోమనని తేలింది.

ఆగస్టు మధ్యలో ఆసుపత్రి సహాయకుడొకరు ఒక సీసాలో కొత్తరకం పిల్లల్ని తెచ్చాడు. వాటిలోంచి మచ్చల రెక్కల దోమలు వచ్చాయి. 16న వాటిని హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి మీద వదిలారు. దోమకి ఒక అణా చొప్పున అతనికి ఇచ్చారు. మొదటి రోజుల్లో కోసినవాటిలో ఏమీ లేదు. కొన్ని వాటంతటవే చచ్చిపోయాయి. కొద్దిపాటే మిగిలాయి.

ఆగస్టు 20. కోసిన దోమలో అంతా వెతికాడు, చివరికి పొట్ట గోడ మిగిలింది. అందులో గుండ్రటి కణాలు. దోమ పొట్టలో అంతకుముందెప్పుడూ చూడనివి. వాటి లోపల నల్లటి రంగు గింజలు. మలేరియా రోగి రక్తంలో ఉండే రంగు అదే. మర్నాడు ఇంకో దోమని కోశాడు. అందులోనూ ఆ కణాలున్నాయి, ముందురోజు కంటే పెద్దగా ఉన్నాయి. ఒక్కరోజు తేడాలో పెరిగాయంటే అవి ప్రాణమున్నవి. ఇప్పుడు ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుకుంటారు. మొదలైంది మన బేగంపేటలో.

కథ అక్కడ అయిపోలేదు. కొద్దిరోజులకే ఆయన్ని రాజపుతానాకి బదిలీ చేశారు. 1898లో కలకత్తా వెళ్లాక పక్షుల మలేరియా మీద పనిచేశాడు. ఆ జులైలో పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరడం చూశాడు. ఆ దోమలతో ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకల్ని కుట్టించి జబ్బు తెప్పించాడు. అంటే దోమ కాటే దారి. మచ్చల రెక్కల దోమ అనాఫిలిస్ అని తేల్చి, మనుషుల విషయంలో మొత్తం చక్రాన్ని పూర్తి చేసింది ఇటలీకి చెందిన గ్రాసీ, ఆయన తోటివాళ్లు. ఘనత ఎవరిదన్న దానిమీద రాస్, గ్రాసీ ఏళ్లతరబడి కొట్టుకున్నారు. 1902 నోబెల్ రాస్ ఒక్కడికే వచ్చింది. ఆ తర్వాత కూడా ఆయన కోపం తగ్గలేదు. గొప్పవాడే కానీ కలిసి పనిచేయడానికి సులువైన మనిషి కాదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మలేరియా నీళ్ల ద్వారా వస్తుందేమోనన్న అనుమానంతో, దోమలు చచ్చిన నీళ్లని కొంతమంది చేత తాగించాడు. ఇవాళైతే ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు. హుస్సేన్ ఖాన్ పేరు పాత రాతల్లో మిగిలింది, సీసా తెచ్చిన సహాయకుడి పేరు చాలా పుస్తకాల్లో కనిపించదు. అణాలకి కుట్టించుకున్నవాళ్లు, మోకాలి లోతు నీళ్లలో దిగి పిల్లల్ని పట్టుకొచ్చినవాళ్లు లేకపోతే ఆ మైక్రోస్కోప్ కింద పెట్టడానికి ఏమీ ఉండేది కాదు. ఈ కథ పిల్లలకి చెప్పినప్పుడు ఈ ముక్క వదిలేయకూడదని అక్క గట్టిగా చెప్పింది.

రాస్ 1899లో ఉద్యోగం వదిలి లివర్‌పూల్‌లో పాఠాలు చెప్పాడు. ఇందాక చెప్పిన లెక్కలు ఇక్కడ పనికొచ్చాయి. దోమల్ని చివరిదాకా చంపడం ఎవరివల్లా కాదు, మరి మలేరియా ఎలా పోతుంది అని అడిగేవాళ్లకి ఆయన సమీకరణాలతో జవాబిచ్చాడు. దోమల సంఖ్య ఒక హద్దు కిందికి తగ్గితే చాలు, జబ్బు దానంతటదే తగ్గిపోతుందని చూపించాడు. కోవిడ్ టైంలో మనం రోజూ విన్న 'ఆర్ నాట్' లెక్క వెనక ఉన్నది ఈ ఆలోచనే. 1911లో సర్ బిరుదు వచ్చింది. కవితలు, నవలలు కూడా రాశాడు. 1932 సెప్టెంబర్ 16న లండన్‌లో చనిపోయాడు.

మొన్న ఆదివారం పిల్లలిద్దర్నీ తీసుకుని ఎర్రగడ్డలో మెట్రో ఎక్కాను. అమీర్‌పేటలో మారి బేగంపేటలో దిగాం. పాత ఎయిర్‌పోర్ట్ దగ్గర ఆ భవనం ఇంకా ఉంది. ఇప్పుడది ఉస్మానియా యూనివర్సిటీ కింద, రాస్ పేరుతోనే ఉంది. బయటి నుంచే చూశాం. ఇంత చిన్న బిల్డింగా అన్నట్టు పెద్దోడు నా మొహం చూశాడు.

వాళ్ల సీసా సంగతి చెప్పలేదు కదా. అనాఫిలిస్ పిల్లలు నీటి పైపొరకి సమాంతరంగా పడుకున్నట్టు తేలతాయి. క్యూలెక్స్, ఈడిస్ పిల్లలైతే తోక దగ్గరి గొట్టాన్ని పైకి ఆనించి తలకిందులుగా వేలాడతాయి. లెన్స్ కూడా అక్కర్లేదు, కళ్లతోనే తెలుస్తుంది. మా బకెట్లోవి వేలాడుతున్నాయి. అంటే మలేరియావి కావు. అలాగని వదిలేయడానికి లేదు, డెంగ్యూ తెచ్చేది ఈడిసే. రెక్కలు రాకముందే సీసాని ఎండలో మట్టి మీద ఒంపేశారు. మీ హాస్టల్లో కూలర్ ట్రే, పూలకుండీ కింద ప్లేటు ఒకసారి వంగి చూడండి. చూశాక బోర్లించండి.

చిన్నదాని నోట్‌బుక్‌లో మూడో రోజు పేజీలో బొమ్మ లేదు. ఇవాళ ఏమీ మారలేదు అని మాత్రం రాసి, తేదీ వేసింది. 

నిన్న ల్యాబ్‌లో నా ప్రోగ్రాం ఔట్‌పుట్ రాలేదు. పక్కవాడి స్క్రీన్‌షాట్ చేతిలోనే ఉంది. చాలాసేపు ఆలోచించి, రికార్డులో రాలేదనే రాశాను. కింద తేదీ వేశాను.