పత్రికలమ్మిన కూడలి నుంచి ‘కింగ్ కాంగ్’ దాకా..
విలేకరి ఎడ్గార్ వాలెస్ జీవన ప్రస్థానం

పత్రికా కార్యాలయాలకు నిలయంగా శతాబ్దాల పాటు వాసికెక్కిన లండన్‌లోని ఫ్లీట్ స్ట్రీట్ చెంతనే లడ్గేట్ సర్కస్ అనే కూడలి ఉంది. పదకొండేళ్ల ప్రాయంలో ఆ కూడలిలో నిలబడి పత్రికలమ్మిన ఓ పేద బాలుడు తదనంతర కాలంలో విలేకరిగా, సంపాదకునిగా, నేర పరిశోధక నవలా రచయితగా, నాటకకర్తగా, చివరకు సినీ రచయితగా ప్రపంచ ప్రసిద్ధి గడించారు. ఆయనే ఎడ్గార్ వాలెస్. 170కి పైగా నవలలు, 18 నాటకాలు, వందలాది కథలు రాసిన ఈ అక్షర శ్రామికుని వర్ధంతి ఫిబ్రవరి 10. వార్త కోసం పరుగులు తీసిన విలేకరి కథల లోకంలో అడుగు పెట్టడానికి దారితీసిన పరిస్థితులు ఆయన రాసిన నవలలకు ఏమాత్రం తీసిపోవు.

చేపల మూటలు మోసే ఇంట..

వాలెస్ 1875 ఏప్రిల్ 1న లండన్ శివార్లలోని గ్రీనిచ్‌లో జన్మించారు. తల్లి పాలీ రిచర్డ్స్ ఊరూరా తిరిగే నాటక సమాజంలో నటి. తండ్రి కూడా నటుడే. వారిద్దరికీ వివాహం కాలేదు. లోకనిందకు వెరచిన తల్లి బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే జార్జి ఫ్రీమన్ అనే వ్యక్తి కుటుంబానికి అప్పగించింది. ఫ్రీమన్ బిల్లింగ్స్‌గేట్ చేపల మార్కెట్‌లో మూటలు మోసే కూలీ. ఇంట్లో అప్పటికే సంతానం అధికం. అయినా ఆ దంపతులు పసివాడిని కన్నబిడ్డ వలె సాకారు.

పన్నెండేళ్లకే వాలెస్ చదువు ఆగిపోయింది. ముద్రణాలయంలో, చెప్పుల దుకాణంలో, రబ్బరు కర్మాగారంలో పనిచేశారు. చేపల పడవలో వంటవాడిగా కుదిరారు. ఇంటింటికీ పాలు పోశారు. ఏ కొలువులోనూ కుదురుగా నిలవక పద్దెనిమిదేళ్ల వయసులో సైన్యంలో చేరారు.

సిపాయి నుంచి విలేకరిగా..

1896లో సైన్యం ఆయనను దక్షిణాఫ్రికాకు పంపింది. అక్కడ వైద్య దళంలో పనిచేస్తూ తీరిక వేళల్లో పద్యాలు అల్లారు. 1898లో సుప్రసిద్ధ రచయిత రుడ్‌యార్డ్ కిప్లింగ్ కేప్‌టౌన్‌కు వచ్చిన సందర్భంగా ఆయనకు స్వాగతం పలుకుతూ రాసిన పద్యం స్థానిక పత్రికలో అచ్చయింది. దాంతో సిపాయి కవిగా నలుగురికీ తెలిశారు. మరుసటి ఏడాది రుసుము చెల్లించి సైన్యం నుంచి విడుదల పొందారు. బోయర్ యుద్ధం మొదలు కాగానే రాయిటర్స్ వార్తాసంస్థకు, ఆ తర్వాత లండన్‌లోని ‘డెయిలీ మెయిల్’ దినపత్రికకు యుద్ధ విలేకరిగా వార్తలు పంపారు. యుద్ధం జరుగుతుండగానే 1901లో ఐవీ కాల్డికాట్‌ను వివాహమాడారు.

విలేకరిగా వాలెస్‌కు అమితమైన పేరు తెచ్చిన వార్త 1902 నాటి శాంతి ఒప్పందం. ఇరుపక్షాల చర్చలు జరుగుతున్న శిబిరంలోకి విలేకరులను అనుమతించలేదు. శిబిరం నుంచి వార్త పొక్కకుండా ఆంగ్ల సేనాధిపతి కిచెనర్ కట్టుదిట్టం చేశారు. అయితే శిబిరానికి కాపలా కాస్తున్న సిపాయిల్లో ఒకరు వాలెస్‌కు పాత మిత్రుడు. శిబిరం పక్కగా రైలు సాగిపోయే వేళ ఆ మిత్రుడు రుమాలుతో ముక్కు తుడుచుకునేవాడు. రుమాలు ఏ రంగులో ఉంటే చర్చలు ఆ స్థితిలో ఉన్నాయని సంకేతం. తెల్ల రుమాలు కనిపించిందంటే ఒప్పందం కుదిరినట్లే. రైలు కిటికీ నుంచి ఆ సంకేతాన్ని గమనించిన వాలెస్ సెన్సారు అధికారుల కన్నుగప్పేందుకు వాటాల కొనుగోలు వ్యవహారంగా కనిపించే తంతిని లండన్‌కు పంపారు. ప్రభుత్వ ప్రకటన వెలువడక ముందే శాంతి వార్త డెయిలీ మెయిల్‌కు చేరింది. ఆగ్రహించిన కిచెనర్ ఆయన యుద్ధ విలేకరి గుర్తింపును రద్దు చేయించారు.

గడప దాకా వచ్చిన తల్లి

అదే ఏడాది జొహానెస్‌బర్గ్‌లో ప్రారంభమైన ‘ర్యాండ్ డెయిలీ మెయిల్’ దినపత్రికకు వాలెస్ తొలి సంపాదకులయ్యారు. పత్రికలమ్మిన బాలుడు 27 ఏళ్లకే సంపాదక పీఠం అధిష్ఠించారు. అయితే ఆ వైభవం ఎంతోకాలం నిలవలేదు. యజమానితో విభేదాలు తలెత్తడంతో 1903లో కొలువు వదులుకుని అప్పులతో లండన్ చేరారు. అదే ఏడాది తొలి సంతానమైన కుమార్తె వ్యాధితో కన్నుమూసింది.

ఆ కష్టకాలంలోనే కన్నతల్లి పాలీ తొలిసారిగా ఆయనను వెతుక్కుంటూ వచ్చింది. వృద్ధాప్యం పైబడి, ప్రాణాంతక వ్యాధితో బాధపడుతున్న ఆమె కొంత ధన సహాయం అర్థించింది. పసిగుడ్డుగా తనను వదులుకున్న తల్లిని వాలెస్ ఆదరించలేదు. వట్టి చేతులతో తిరిగి వెళ్లిన ఆమె ఆ ఏడాదే బ్రాడ్‌ఫర్డ్ ఆస్పత్రిలో మరణించింది. తర్వాతి కాలంలో చేయి చాచిన వారికల్లా లెక్కచూడక దానం చేసిన వ్యక్తిగా వాలెస్ పేరొందారు. కానీ కన్నతల్లి విషయంలో మాత్రం ఆయనకు మరో అవకాశం దక్కలేదు.

లాభం రాని విజయం

అప్పుల నుంచి గట్టెక్కే మార్గం వెతుకుతూ వాలెస్ నేర కథ వైపు మొగ్గారు. ప్రచురణకర్తలెవరూ ముందుకు రాకపోవడంతో టాలిస్ ప్రెస్ పేరిట సొంతంగా ప్రచురణ సంస్థను నెలకొల్పి, 1905లో ‘ది ఫోర్ జస్ట్ మెన్’ నవలను వెలువరించారు. ముందుగా ప్రకటించిన సమయానికి, పోలీసుల పహారా నడుమ, తలుపులు మూసిన గదిలో ఓ మంత్రి మరణిస్తాడు. హత్య ఎలా జరిగిందో ఊహించి చెప్పిన పాఠకులకు మొత్తం 500 పౌండ్ల బహుమతులు ఇస్తామని ప్రకటించారు. బస్సుల మీద, గోడల మీద, పత్రికల్లో ప్రకటనలు గుప్పించారు.

పుస్తకం విశేషంగా అమ్ముడుపోయింది. కానీ సరైన సమాధానాలు ఎన్ని వచ్చినా బహుమతి పొందేది ఒక్కరేనన్న నిబంధన పెట్టడం వాలెస్ మరచిపోయారు. సరైన సమాధానం పంపినవారు ఎందరో తేలారు. వారందరికీ సొమ్ము చెల్లించాల్సి వచ్చింది. విజేతల పేర్లు ప్రకటించడంలో జాప్యం జరగడంతో అనుమానాలు రేగాయి. పత్రిక పరువు పోతుందన్న భయంతో డెయిలీ మెయిల్ అధినేత హార్మ్స్‌వర్త్ వేల పౌండ్లు అప్పుగా ఇచ్చి ఆదుకున్నారు. ఇంగ్లండ్ అంతటా చదివిన నవల రచయితకు మిగిల్చింది అప్పులే. చివరకు ఆ నవల హక్కులను 75 పౌండ్లకే ఆయన వదులుకున్నారు.

కొలువు పోయిన విలేకరి

వేగం వాలెస్‌కు వరం, అదే శాపం. వార్తలో వివరాలను సరిచూసుకోకుండా రాయడం ఆయనకు అలవాటైంది. సబ్బుల తయారీదారులపై డెయిలీ మెయిల్ సాగించిన ప్రచారంలో ఆయన రాసిన కథనంలోని తప్పులు పత్రికకు చేటు తెచ్చాయి. పరువు నష్టం దావాలో పత్రిక 50 వేల పౌండ్లు చెల్లించుకోవాల్సి వచ్చింది. ఆనాటికి అది కనీవినీ ఎరుగని మొత్తం. 1907లో కాంగోలో స్థానిక ప్రజలపై సాగుతున్న దురాగతాలను పరిశీలించడానికి ఆయనను పంపిన పత్రిక, ఆ ఏడాదే ఉద్యోగం నుంచి తొలగించింది. తప్పులు రాస్తాడన్న అపప్రథ అంటుకోవడంతో ఫ్లీట్ స్ట్రీట్‌లోని ఇతర పత్రికలు సైతం తలుపులు మూశాయి.

ఇంట్లో భార్యాబిడ్డలు, చేతిలో చిల్లిగవ్వ లేదు. అప్పుడు ఆదుకున్నవి కాంగో ప్రయాణపు జ్ఞాపకాలే. వాటి ఆధారంగా ఓ వారపత్రికకు ఆఫ్రికా కథలు రాశారు. అవి 1911లో ‘శాండర్స్ ఆఫ్ ది రివర్’ పేరిట పుస్తకంగా వెలువడి విశేష ఆదరణ పొందాయి. వలస పాలనను సమర్థిస్తూ ఆఫ్రికా ప్రజలను చిన్నచూపు చూశాయన్న విమర్శను తర్వాతి తరాలలో ఆ కథలు ఎదుర్కొన్నాయి. ఏదేమైనా వార్తకు పనికిరాడని పంపేసిన విలేకరి కథకునిగా నిలదొక్కుకున్నారు.

మూడు రోజుల్లో నవల

1921లో హాడర్ అండ్ స్టౌటన్ ప్రచురణ సంస్థతో ఒప్పందం కుదిరాక వాలెస్ నేర కథల వెల్లువ మొదలైంది. 1918లో తొలి భార్యతో విడిపోయిన ఆయన తన కార్యదర్శి ఎథెల్ కింగ్‌ను అదే 1921లో వివాహమాడారు. ఆయన కలం పట్టి రాయడం అరుదు. తేనీరు సేవిస్తూ, పొడవాటి గొట్టంలో సిగరెట్టు పెట్టి కాలుస్తూ, డిక్టాఫోన్ యంత్రంలో కథ చెప్పుకుంటూ పోయేవారు. మైనపు సిలిండర్లపై నమోదైన ఆ మాటలను కార్యదర్శులు టైపు చేసేవారు. నవలను రెండు మూడు రోజుల్లో ముగించిన సందర్భాలున్నాయి. రాసినదాన్ని తిరిగి సరిదిద్దే అలవాటు లేదు. ఇంగ్లండ్‌లో చదివే ప్రతి నాలుగు పుస్తకాల్లో ఒకటి ఆయనదేనని ప్రచురణకర్తలు చాటుకునేవారు.

గడువులోగా వార్త పంపడం, తొలి వాక్యంతోనే పాఠకుని కట్టిపడేయడం, పోలీసు స్టేషన్లు, న్యాయస్థానాలు, గుర్రప్పందాల మైదానాల ఆనుపానులు తెలియడం.. ఇవన్నీ పత్రికా రంగం ఆయనకు నేర్పిన విద్యలే. పత్రికకు చేటు చేసిన తొందరపాటు కథలో మాత్రం పరుగుగా మారి పాఠకులను అలరించింది. అయితే వచ్చిన సొమ్ము వచ్చినట్లే ఖర్చయ్యేది. పందెపు గుర్రాలను పోషించారు, పందేల్లో విరివిగా పోగొట్టుకున్నారు.

రంగస్థలం నుంచి వెండితెరకు..

1926లో ‘ది రింగర్’ నాటకం ఘనవిజయం సాధించింది. చికాగో ముఠా నాయకుడు అల్ కపోన్ ప్రేరణతో రాసిన ‘ఆన్ ది స్పాట్’ 1930లో రంగస్థలమెక్కింది. 1927లో బ్రిటిష్ లయన్ చిత్ర నిర్మాణ సంస్థకు ఆయన అధ్యక్షులయ్యారు. స్వయంగా చిత్రాలకు దర్శకత్వమూ వహించారు. షెర్లాక్ హోమ్స్ నవల ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’ చిత్రానికి రచన చేశారు.

1931 అక్టోబరులో బ్లాక్‌పూల్ నుంచి లిబరల్ అభ్యర్థిగా పార్లమెంటు ఎన్నికల బరిలో దిగి 33 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఒకవైపు ఓటమి, మరోవైపు పెరిగిన అప్పులు. ఆ స్థితిలో హాలీవుడ్‌లోని ఆర్‌కేవో చిత్ర సంస్థ నుంచి ఆహ్వానం రావడంతో ఆ ఏడాది నవంబరులో ఓడెక్కి అమెరికా వెళ్లారు.

అక్కడ నిర్మాత మెరియన్ కూపర్ మనసులోని భారీ వానరం కథకు 1932 జనవరి తొలి రోజుల్లోనే వాలెస్ తొలి ప్రతి రాశారు. కొద్ది వారాలకే తీవ్ర అస్వస్థతకు గురయ్యారు. అశ్రద్ధ చేసిన మధుమేహానికి న్యుమోనియా తోడైంది. భార్య ఇంగ్లండ్ నుంచి బయలుదేరేలోగానే, 1932 ఫిబ్రవరి 10న బెవర్లీ హిల్స్‌లో 56 ఏళ్ల వయసులో తుదిశ్వాస విడిచారు. తుది చిత్రానువాదాన్ని జేమ్స్ క్రీల్‌మన్, రూత్ రోజ్ రాశారు. 1933లో విడుదలైన ‘కింగ్ కాంగ్’ ప్రపంచాన్ని ఉర్రూతలూగించింది. కథా భావన కూపర్‌తో పాటు వాలెస్‌దని తెరపై పేరు వేశారు. ఆ పేరును చూసుకునే భాగ్యం ఆయనకు లేకపోయింది.

అప్పు తీర్చిన అక్షరాలు

వాలెస్ భౌతికకాయం ఓడలో ఇంగ్లండ్ తీరం చేరినప్పుడు సౌతాంప్టన్ రేవులో జెండాలు అవనతం చేశారు. ఒకప్పుడు ఆయనకు కొలువు నిరాకరించిన ఫ్లీట్ స్ట్రీట్‌లో చర్చి గంట మోగించి నివాళులర్పించారు. బకింగ్‌హామ్‌షైర్‌లోని లిటిల్ మార్లో శ్మశానవాటికలో అంత్యక్రియలు నిర్వహించారు. ఆయన వదిలి వెళ్లిన అప్పులు సుమారు 1.40 లక్షల పౌండ్లుగా లెక్క తేలాయి. ఆస్తి ఏమీ మిగల్లేదని భావించిన తరుణంలో పుస్తకాలపై రాయల్టీ ఆగకుండా వస్తూనే ఉంది. రెండేళ్లలోనే అప్పులు తీరిపోయాయి.

ఆయన కథల ఆధారంగా 160కి పైగా చిత్రాలు రూపొందాయి. జర్మనీలో 1959 నుంచి 1972 దాకా వాలెస్ కథల చిత్రాలు వరుసగా విడుదలై జనాదరణ పొందాయి. ఇక బాలుడిగా ఆయన పత్రికలమ్మిన లడ్గేట్ సర్కస్ కూడలిలో 1934లో స్మారక ఫలకాన్ని ఏర్పాటు చేశారు. సరిచూసుకోని వార్త విలేకరి కొలువును పోగొట్టగా, అలుపెరగని శ్రమ అతనికి మరో జీవితాన్నిచ్చింది. ఆ రెండింటికీ వాలెస్ జీవితం నిలువెత్తు సాక్ష్యం.